వార్తల్లో పదం: సెక్షన్ 185

హైదరాబాద్‌లో వారాంతం రాత్రి ట్రాఫిక్ పోలీసు నోటి దగ్గర గొట్టం పెట్టి ‘ఊదండి’ అన్నారంటే వెనకున్నది ఇదే. మోటారు వాహనాల చట్టం, 1988 ప్రకారం 100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 30 మిల్లీగ్రాములు దాటి ఉండగా బండి నడిపితే నేరం. మిషన్ ఇచ్చే స్లిప్పు మీద 31 పడినా కేసే. ‘ఒక్క బీరే సార్’ అనేది అక్కడ చెల్లదు. సరైన కారణం లేకుండా ఊదనని మొండికేస్తే అదీ మీకు వ్యతిరేకంగానే పనిచేయొచ్చు. తొలిసారి దొరికితే 6 నెలల దాకా జైలు లేదా 10 వేల రూపాయల జరిమానా, లేదా రెండూ. మళ్లీ దొరికితే 2 ఏళ్ల దాకా జైలు లేదా 15 వేల జరిమానా, లేదా రెండూ.

చాలామంది తప్పు ఒప్పుకుని జరిమానా కట్టేస్తారు. కేసులో పోరాడదలిస్తే లాయరు ముందు చూసేది ఆ చిన్న స్లిప్పునే: టైము, బండి నంబరు సరిపోయాయా, మిషన్ సరిగ్గా పనిచేస్తోందనడానికి సర్టిఫికెట్ ఉందా, అసలు బండి నడిపింది మీరేనా. పరీక్షే లేకుండా వాసన ఒక్కటే రుజువు కాదని సుప్రీంకోర్టు 1971లోనే చెప్పింది. కేసు కొట్టేయిస్తానని ముందే హామీ ఇచ్చే లాయరును మాత్రం నమ్మొద్దు. ఫీజు కట్టలేని పేదలైతే జిల్లా న్యాయసేవాధికార సంస్థను అడగండి, ఉచితంగా లాయరును పెడతారు.