సముద్రం మీద టైంటేబుల్

డిస్నీ ఓడలో తొలిసారి సెలవులు గడపబోయే కుటుంబం ఏ గంటకు ఎక్కడుంటుంది? జవాబంతా ఓ మడత కాగితంలో ఉండేది.

ఫ్లోరిడా తీరంలోని పోర్ట్ కెనావెరల్. సాయంత్రం డిస్నీ ఓడ రేవు వదిలేటప్పుడు కూత పెడుతుంది. మామూలు ఓడల బొంగురు మోత కాదది. 1940లో వచ్చిన ‘పినోకియో’ సినిమాలోని ‘వెన్ యు విష్ అపాన్ ఎ స్టార్’ పాట తాలూకు మొదటి ఏడు స్వరాలు. డెక్ మీద పిల్లలు కేరింతలు కొడతారు, పెద్దవాళ్ళు ఫోన్లు పైకెత్తుతారు. అంతకు కాసేపటి ముందే వాళ్ళందరికీ ఇంకో కూత గురించి చెప్పి ఉంటారు: ఏడు పొట్టివి, వెంట ఒక పొడుగుది. అది ప్రమాద సంకేతం. ఏ దేశపు ప్రయాణికుల ఓడ ఎక్కినా అదే.

మొదటి కూత టికెట్టుతోపాటు కొనుక్కున్నది. రెండోది చట్టం తెచ్చిపెట్టింది. రెండూ ఎన్నింటికన్నది మాత్రం ముందే రాసిపెట్టి ఉంటుంది.

వేసవి సంచికకు క్రూజ్ కథ కావాలనుకున్నప్పుడు అందరి ఊహల్లో మెదిలింది ఒకటే బొమ్మ: నీలి నీళ్ళు, తెల్లటి ఓడ, మిక్కీ పక్కన పళ్ళికిలించిన బుడతడు. బ్రోషర్ల నిండా అవే. తవ్వుతూ పోతే అన్నిటికంటే ప్రాణమున్న సరుకుగా తేలింది మాత్రం ‘పర్సనల్ నావిగేటర్’ అనే కాగితం. ఓడలో ఆ రోజు జరిగే సమస్తం అందులో అచ్చయ్యేది. కుటుంబం రాత్రి భోజనం ముగించుకుని క్యాబిన్‌కు వచ్చేసరికి మర్నాటి ప్రతి సిద్ధంగా ఉండేది. ఇప్పుడదంతా ఫోన్‌లోని యాప్‌లోకి వెళ్ళిపోయింది. అయినా పాత ప్రతులను పెళ్ళి శుభలేఖల్లా దాచుకున్న అభిమానులు ఇంకా ఉన్నారు.

ఏముంటుంది అందులో? సాయంత్రానికి ఎలాంటి బట్టలైతే బాగుంటుందో ఉంటుంది. ఆ రోజు ప్రత్యేక పానీయం ఏమిటో ఉంటుంది. రేవులో దిగినవాళ్ళు ఎన్నింటికల్లా వెనక్కి రావాలో ఉంటుంది. ఆపైన గడులే గడులు. మిక్కీ ఎక్కడ, ఎన్నింటికి. గూఫీ ఎక్కడ, ఎన్నింటికి. బింగో, బొమ్మలు గీసే క్లాసు, సినిమా, పెద్దవాళ్ళకు మాత్రమే అనుమతి ఉన్న నాట్యశాల, అర్ధరాత్రి దాకా.

మొదటి రోజు వరసే చూడండి. మధ్యాహ్నం బఫే భోజనం. క్యాబిన్ చేతికొచ్చేది ఆ తరవాతే. పిల్లల క్లబ్బును చూసి రావడానికి కాస్త సమయం. నాలుగింటి ప్రాంతంలో భద్రతా డ్రిల్లు. వెంటనే డెక్ మీద వీడ్కోలు సంబరం. మొదటి పంక్తి వాళ్ళకు మామూలుగా 5:45కి భోజనం, ఆ తరవాత నాటకం. రెండో పంక్తి వాళ్ళకు ముందు నాటకం, 8:15కి భోజనం. అవే హాళ్ళు, అవే వంటశాలలు, వేల మంది జనం. ఎవరూ ఎవరినీ తోసుకోరు.

ఇంత డబ్బు పోసి సెలవు కొనుక్కుని, మళ్ళీ బడిగంటలకు తలొగ్గడమా అనిపిస్తుంది. డిస్నీ టికెట్లు చౌక కాదు. అదే తీరం నుంచి బయల్దేరే ఇతర కంపెనీల ఓడల ధరలతో పోలిస్తే సాధారణంగా ఎక్కువే. కానీ ఆ కాగితాన్ని ఇద్దరు చిన్నపిల్లల తల్లి కళ్ళతో చదివితే రంగు మారుతుంది. ఏం వండాలి, పిల్లల్ని ఎవరు చూస్తారు, సాయంత్రం ఎక్కడికి తీసుకెళ్ళాలి అనే మూడు ప్రశ్నలూ అందులో లేవు. ఎవరో ముందే జవాబు రాసేశారు. ఈ ఓడ అమ్మే అసలు సరుకు అదే. మిక్కీ దాని మీద అతికించిన లేబులు.

అక్షరాల్లో దాగిన భోజనం

ఓడ ఎక్కినవాళ్ళకిచ్చే కార్డే గది తాళం, డబ్బు సంచి కూడా. దాని మీద భోజనాల వరస పొడి అక్షరాల్లో కనిపించేది. ‘డిస్నీ మ్యాజిక్’ ఓడలో ఎ, ఎల్, ఆర్ అని ఉంటే మొదటి రాత్రి ‘యానిమేటర్స్ ప్యాలెట్’, రెండో రాత్రి ‘లుమియేర్స్’, మూడో రాత్రి ‘రపుంజెల్స్ రాయల్ టేబుల్’ అన్నమాట. కుటుంబం హాలు మారినప్పుడల్లా వడ్డించేవాళ్ళు కూడా వెంటే వస్తారు. మొదటి రాత్రి పెరుగన్నం లాంటిదేదైనా దొరుకుతుందా అని అడిగిన తాతయ్యను రెండో రాత్రి మళ్ళీ పరిచయం చేసుకోనక్కరలేదు. భారతీయ శాకాహారం కావాలంటే మొదటి రోజే చెప్పాలి, వండిపెడతారు.

‘యానిమేటర్స్ ప్యాలెట్’లో గోడలు నలుపు తెలుపుల్లో మొదలై, భోజనం సాగేకొద్దీ రంగులు పూసుకుంటాయి. ‘ఫ్యాంటసీ’ ఓడలో ఇంకో అడుగు ముందుకు: పిల్లలు కాగితం మీద గీసిన మనిషి బొమ్మ భోజనం పూర్తయ్యేలోగా తెర మీద కదులుతుంది. వంకర కాళ్ళతోనే. ఈ వృత్తాంతం మొత్తంలో మనసారా మెచ్చుకోదగ్గ కల్పన ఏదంటే ఇదే. ఇందులో బొమ్మ పిల్లాడిది, కంపెనీది కాదు.

ఏడు పొట్టివి, ఒకటి పొడుగుది

టైంటేబుల్‌లో ఎవరూ ఎగ్గొట్టడానికి వీల్లేని గడి ఒక్కటే ఉంది. భద్రతా డ్రిల్లు. ఆ సమయానికి బార్లు, కొలనులు ఆగిపోతాయి. కార్డు మీదున్న అక్షరాన్నిబట్టి ప్రతి కుటుంబం తన గుమిగూడే చోటికి వెళ్ళాలి. సిబ్బంది ఒక్కొక్కరినీ లెక్కపెట్టుకుంటారు. రానివాళ్ళను వెతుకుతారు.

ఈ పట్టుదల వెనక ఓ విషాదం ఉంది. 2012 జనవరి 13 రాత్రి ఇటలీ తీరంలో ‘కోస్టా కాంకార్డియా’ రాతిని గుద్దుకుని ఒరిగిపోయింది. 32 మంది చనిపోయారు. ఆ సాయంత్రం చివితావెక్కియా రేవులో ఎక్కిన వందలాది మందికి డ్రిల్లే జరగలేదు. అప్పటి అంతర్జాతీయ నిబంధన ప్రకారం ఎక్కిన 24 గంటల్లోగా జరిపితే చాలు. ఆ తరవాత నిబంధన మారింది. ఓడ బయల్దేరకముందే, లేదంటే బయల్దేరిన వెంటనే జరిపి తీరాలన్న సవరణ 2015 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది.

డిస్నీ దగ్గర భద్రతకు కూడా వేషం వేసే అలవాటుంది. లైఫ్ బోట్లు నారింజ రంగులో ఉండటం ఆనవాయితీ. ఇక్కడ అవి పసుపు, మిక్కీ బూట్ల రంగు. అందుకోసం అమెరికా కోస్ట్ గార్డ్ దగ్గర ప్రత్యేకంగా అనుమతి తెచ్చుకున్నారు. ఎర్రటి పొగగొట్టాలు, నల్లగా కనిపించే ముదురు నీలం ఒళ్ళు, పసుపు పడవలు. దూరం నుంచి చూసిన మూడేళ్ళ పిల్లకు కూడా ఇదెవరి ఓడో తెలిసిపోతుంది.

చరిత్ర గబగబా చెప్పుకుంటే: 1980ల నడుమ ప్రీమియర్ అనే కంపెనీ ఎర్ర ఓడల మీద డిస్నీ పాత్రలను ఎక్కించుకునేది. 1993లో ఆ పొత్తు ముగిసింది, డిస్నీ సొంత ఓడలకు దిగింది. ఇటలీలో కట్టిన ‘మ్యాజిక్’ అనుకున్న గడువు దాటి 1998 జులై 30న తొలి ప్రయాణం చేసింది. 1999లో ‘వండర్’, 2011లో ‘డ్రీమ్’, 2012లో ‘ఫ్యాంటసీ’, 2022లో ‘విష్’, 2024లో ‘ట్రెజర్’, 2025లో ‘డెస్టినీ’. వేటిలోనూ కెసినో లేదు.

తలుపు దగ్గర చేప

టైంటేబుల్‌లో లేని సంబరం ఒకటి నడవాల్లో పుట్టింది. పాత ఓడల్లో ప్రతి క్యాబిన్ తలుపు పక్కన చేప ఆకారంలో ఓ లోహపు కొక్కెం ఉంటుంది. సిబ్బంది చీటీలు తగిలించడానికి పెట్టినది. ప్రయాణికులు దానికి గుడ్డతో కుట్టిన జేబుల వరసలు వేలాడదీయడం మొదలెట్టారు. ముందే కూడబలుక్కున్న కుటుంబాలు ఒకరి జేబుల్లో ఇంకొకరు చిన్న చిన్న కానుకలు పడేసి పోతాయి: తాళం చెవుల గొలుసులు, మిఠాయిలు, తమ ఊరి గుర్తుగా ఏదో ఒకటి. తలుపులు లోహానివి కాబట్టి వాటి మీద అయస్కాంతపు బొమ్మలు కూడా వెలుస్తాయి. ఇంత పకడ్బందీ ఓడలో జనం తమంతట తాము కనిపెట్టుకున్న ఆట ఇది. ఇరుగుపొరుగు ముఖం చూడకుండానే ఇచ్చిపుచ్చుకోవడం!

కిటికీలో నక్షత్రచేప

మరి సముద్రం సంగతి? 2011లో వచ్చిన ‘డ్రీమ్’లో కిటికీ లేని లోపలి క్యాబిన్లకు గుండ్రటి తెరలు బిగించారు. బయటి కెమెరాలు పంపే సముద్రం అందులో ప్రత్యక్షంగా కనిపిస్తుంది. అది చాలదన్నట్టు మధ్యమధ్యలో ‘నీమో’ సినిమాలోని నక్షత్రచేప వచ్చి అద్దం మీద పాకుతుంది. పిల్లలు ఎదురు చూసేది కెరటం కోసం కాదు, చేప కోసం.

దిగే చోటు కూడా సొంతమే. బహమాస్‌లోని గోర్డా కే అనే దీవిని డిస్నీ 1997లో 99 ఏళ్ళ లీజుకు తీసుకుని ‘కాస్టవే కే’ అని పేరు మార్చింది. ఒకప్పుడు మాదకద్రవ్యాల దొంగరవాణా విమానాలు వాడుకున్న రన్‌వే ఇప్పటికీ అక్కడుంది. దాని మీద సెలవులకొచ్చిన కుటుంబాలు సైకిళ్ళు తొక్కుతాయి.

ఫ్లోరిడా ఓడలు ఇలా బహమాస్‌ను తాకడానికి అందం ఒక్కటే కారణం కాదు. ఇవి బహమాస్ జెండా కింద నమోదైన ఓడలు. అమెరికా 1886లో చేసిన ప్రయాణికుల నౌకల చట్టం ప్రకారం విదేశీ జెండా ఓడ అమెరికా రేవులో ఎక్కించుకున్నవాళ్ళను ఏ విదేశీ రేవూ తాకకుండా అమెరికా రేవుల మధ్యే తిప్పి తీసుకురాకూడదు. అంటే ఎండలో ఇసుకగూళ్ళు కట్టుకోవడానికి నూట నలభై ఏళ్ళ నాటి చట్టం కూడా సాయపడుతోంది.

ఆ చట్టం వర్తించని చోట ఓడ ఏం చేస్తుందో సింగపూర్‌లో తేలింది. జర్మనీలోని విస్మార్‌లో ‘గ్లోబల్ డ్రీమ్’ పేరుతో మొదలైన భారీ ఓడ, 2022 జనవరిలో ఆ నౌకా నిర్మాణ కేంద్రం దివాలా తీయడంతో సగంలో ఆగిపోయింది. అదే ఏడాది నవంబరులో డిస్నీ దాన్ని కొని ‘డిస్నీ అడ్వెంచర్’గా మార్చే పని చేపట్టింది. దాదాపు 6,700 మంది పట్టే ఓడ. 2025 డిసెంబరులో అనుకున్న తొలి ప్రయాణాన్ని 2026 మార్చి 10కి మార్చారు. హైదరాబాద్, విశాఖల నుంచి సింగపూర్‌కు నేరుగా విమానాలున్నాయి కాబట్టి తెలుగు కుటుంబాలకు దగ్గర్లోని డిస్నీ ఓడ ఇదే. అందులో మోగ్లీ పేరిట భారతీయ వంటకాల హోటలు కూడా పెట్టారు. మూడు లేదా నాలుగు రాత్రుల ప్రయాణం, మధ్యలో ఏ రేవూ లేకుండా ప్రకటించారు. సింగపూర్‌లో ఎక్కి, నీళ్ళ మీద తిరిగి, సింగపూర్‌లోనే దిగడం. ‘ఎన్నింటికల్లా వెనక్కి రావాలి’ అనే గడి ఆ టైంటేబుల్‌కు అక్కరలేదు.

పెట్టె 1: ఒకే కుటుంబం, నాలుగు రకాల కాగితాలు

అమెరికాలోని తెలుగు ఇంట్లో క్రూజ్ అనగానే మొదట తెరవాల్సింది పెట్టె కాదు, ఫైలు. బహమాస్ వెళ్ళొస్తే విదేశం వెళ్ళొచ్చినట్టే.

• అమెరికాలో పుట్టిన 16 ఏళ్ళలోపు పిల్లలకు, బయల్దేరిన రేవుకే తిరిగొచ్చే ఓడలో జనన ధ్రువపత్రం సరిపోతుంది. పాస్‌పోర్టు ఉంటే నిశ్చింత.
• గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళు కార్డుతోపాటు పాస్‌పోర్టు కూడా పట్టుకెళ్ళాలి.
• హెచ్-1బి మీద ఉన్నవాళ్ళు పాస్‌పోర్టులోని వీసా గడువు చూసుకోవాలి. గడువు తీరిన వీసాతో 30 రోజుల్లోగా తిరిగొచ్చే వెసులుబాటు వీళ్ళకు కెనడా, మెక్సికోలకే. బహమాస్ లాంటి దీవులకు ఆ సౌకర్యం ఎఫ్, జె వీసాలవాళ్ళకు షరతులతో ఉంది. చదువుకునే తమ్ముడు వెళ్ళొచ్చు, ఉద్యోగం చేసే అక్క ఆగిపోవచ్చు.
• చూడ్డానికి వచ్చిన అమ్మమ్మ, తాతయ్యల వీసా పలుమార్లు రావడానికి వీలున్నదై ఉండాలి. తిరిగొచ్చాక ఐ-94 అనే ప్రవేశ పత్రంలో కొత్త గడువు పడుతుందని లెక్కలు వేసుకోకూడదు.

టికెట్టు కొనేముందు ఇమిగ్రేషన్ లాయరును అడగడం మేలు.

పెట్టె 2: మొదటిసారి వాళ్ళకు

• పెద్ద సామాను క్యాబిన్‌కు ఆలస్యంగా చేరుతుంది. ఈతబట్టలు, మందులు చేతిసంచిలో ఉండాలి.
• డైపర్ వేసుకునే పిల్లల్ని పెద్ద కొలనుల్లోకి దిగనివ్వరు. వాళ్ళకు వేరే నీళ్ళాట చోటుంటుంది.
• చాలా క్యాబిన్లలో స్నానానికో గది, మరుగుదొడ్డికో గది. పొద్దున్నే తగువు తప్పుతుంది.
• ఫోన్ ఫ్లైట్ మోడ్‌లో పెట్టకపోతే నడిసముద్రంలో బిల్లు మోగిపోతుంది.

పెట్టె 3: మన తీరం నుంచి

2022 జూన్‌లో కార్డేలియా సంస్థ ‘ఎంప్రెస్’ ఓడ విశాఖపట్నం నుంచి పుదుచ్చేరి, చెన్నై దారిలో ప్రయాణాలు మొదలెట్టింది. 1990లో రాయల్ కరీబియన్ కోసం ‘నార్డిక్ ఎంప్రెస్’గా పుట్టిన ఓడ అది. విశాఖ రేవులో అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్‌ను 2023 సెప్టెంబరులో ప్రారంభించారు. ‘ఎంప్రెస్’లో మిక్కీ లేడు, కెసినో ఉంది. పాస్‌పోర్టు లేకున్నా, దేశం లోపలి ప్రయాణమే కాబట్టి, ఫొటో ఉన్న గుర్తింపు కార్డుతో ఎక్కవచ్చు.