పాదం చదును... పట్టుదల ఎత్తు!

పాతిక మీటర్ల దూరం నుంచి పరుగెత్తుకు రావాలి. ఎదురుగా ఛాతీ ఎత్తు దిమ్మ. దాని మీద రెండు చేతులూ ఆన్చి గాలిలోకి లేవాలి. గాలిలోనే వరుసగా రెండు పిల్లిమొగ్గలు వేసి, రెండు కాళ్ల మీద నిలబడాలి. ఇదంతా పట్టుమని పది సెకన్లు పట్టదు. తేడా వస్తే మెడ విరిగే ప్రమాదం ఉంది.

ఈ పది సెకన్ల వెనక త్రిపుర రాజధాని అగర్తలా అమ్మాయి దీపా కర్మాకర్ పదిహేడేళ్ల సాధన ఉంది.

దీప 1993 ఆగస్టు 9న పుట్టింది. తండ్రి దులాల్ కర్మాకర్ బరువులెత్తే క్రీడకు శిక్షకుడు. కూతురిని ఆరో ఏట జిమ్నాస్టిక్స్‌లో చేర్చారు. అప్పట్లో దీపకు ఈ ఆట ఇష్టం లేదు. పైగా ఆమెవి చదును పాదాలు. అరికాలిలో ఉండవలసిన వంపు లేదు. గెంతేటప్పుడు ఆ వంపే స్ప్రింగులా పనిచేస్తుంది. దిగేటప్పుడు అదురును ఆపేదీ అదే. అది లేని పిల్లకు ఈ ఆట కష్టమే. మొదట సోమా నంది, తర్వాత ఆమె భర్త విశ్వేశ్వర్ నంది దీపకు గురువులయ్యారు. పాదాల కోసం విడిగా వ్యాయామాలు చేయించారు.

స్కూటరు సామాన్లే పరికరాలు

సాధన మొదలైంది అగర్తలాలోని వివేకానంద వ్యాయామశాలలో. వానాకాలం వస్తే లోపలికి నీళ్లు చేరేవి. ఎలుకలు, బొద్దింకలు తిరిగేవి. వాల్ట్ దిమ్మ కొనే స్తోమత లేక పాత స్కూటరు విడి భాగాలతో ఒకటి తయారు చేసుకున్నారు. మన ఊళ్లలో పాత తాలింఖానాలు చూసినవారికి ఆ పరిస్థితి వేరుగా చెప్పనక్కరలేదు.

పొద్దునా సాయంత్రం అదే పని

పెద్ద పోటీలకు సిద్ధమయ్యే రోజుల్లో సాధన పూటకు ఒక విడత చొప్పున రోజుకు ఆరు నుంచి ఎనిమిది గంటలు సాగేది. చూసేవారికి జిమ్నాస్టిక్స్ అంటే గాలిలో ఎగరడం. చేసేవారికి మాత్రం రోజులో ఎక్కువ భాగం నేల మీదే గడుస్తుంది. ముందు ఒళ్లు వేడెక్కే దాకా పరుగు. తర్వాత కాళ్లు చాపడం, నడుము వంచడం, చేతుల మీద తలకిందులుగా నిలబడటం. పొట్ట కండరాలకు, భుజాలకు వేరువేరు వ్యాయామాలు. ఇవన్నీ అయ్యాకే పరికరాల దగ్గరికి వెళ్లాలి.

ఆడపిల్లల పోటీలో నాలుగు అంశాలుంటాయి. వాల్ట్ ఒకటి. ఒకదానికంటే ఒకటి ఎత్తుగా ఉండే జంట కడ్డీలు రెండోది. బెత్తెడు వెడల్పున్న దూలం మీద గెంతులు మూడోది. నేల మీద విన్యాసాలు నాలుగోది. చెమటకు చేయి జారకుండా అరచేతులకు తెల్లని పొడి రాసుకుంటారు. అయినా కడ్డీల రాపిడికి బొబ్బలు లేస్తాయి. అవి మానేదాకా ఆగితే ఆట సాగదు.

ప్రమాదకరమైన విద్యను నేరుగా పోటీ పరుపు మీద నేర్పరు. మొదట మెత్తని స్పాంజి మీదికి దూకిస్తారు. తర్వాత మందపాటి పరుపుల మీదికి. శరీరానికి పూర్తిగా అలవాటయ్యాకే చివరి మెట్టు. దీప ఎంచుకున్న విద్య పేరు ప్రొడునోవా. 1999లో దీన్ని చేసి చూపిన రష్యా క్రీడాకారిణి యెలెనా ప్రొడునోవా పేరే దానికి పెట్టారు. పోటీలో దీన్ని చేసిన మహిళలను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. 2014లో గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో దీప దీనితోనే కంచు పతకం గెలిచింది.

పుట్టినరోజునా మౌనమే

2016లో రియో ఒలింపిక్స్‌కు దీప అర్హత సాధించింది. భారతదేశం నుంచి ఒలింపిక్స్‌కు వెళ్లిన తొలి మహిళా జిమ్నాస్ట్ ఆమే. ఆగస్టు 7న ఎనిమిదో స్థానంతో వాల్ట్ ఫైనల్‌కు చేరింది. రెండు రోజుల తర్వాత 23వ పుట్టినరోజు. మనసు చెదరకూడదని గురువు ఆమె ఫోనులోంచి సిమ్ కార్డు తీసేశారు. తల్లిదండ్రులతో తప్ప ఎవరితోనూ మాట్లాడనివ్వలేదు.

ఆగస్టు 14న ఫైనల్. ప్రొడునోవా చేసి దిగేటప్పుడు బాగా కిందికి కుంగినా, లేచి నిలబడింది. మొత్తం 15.066 పాయింట్లు. కంచు పతకం గెలిచిన స్విట్జర్లాండ్ క్రీడాకారిణికి 15.216. తేడా 0.150. దీపది నాలుగో స్థానం.

రియోకు ఆమె పాఠ్య పుస్తకాలు కూడా తీసుకెళ్లింది. తిరిగి రాగానే రాజనీతి శాస్త్రంలో ఎం.ఏ. పరీక్షలకు కూర్చుంది. అదే నెల హైదరాబాద్‌లో సింధు, సాక్షి మలిక్, గోపీచంద్‌లతో పాటు దీపకు సచిన్ టెండూల్కర్ చేతుల మీదుగా బి.ఎం.డబ్ల్యు. కారు బహుమతిగా అందింది. అగర్తలాలో ఇరుకు రోడ్లు, మరమ్మతుకు సర్వీసు కేంద్రం లేదు. అందుకని దానికి బదులు సొమ్ము తీసుకుని వేరే కారు కొనుక్కుంది.

ఆ తర్వాత దారి సాఫీగా లేదు. 2017లో మోకాలికి శస్త్రచికిత్స జరిగింది. 2018లో టర్కీలో ప్రపంచ ఛాలెంజ్ కప్ వాల్ట్‌లో స్వర్ణం గెలిచింది. నిషేధిత పదార్థం కేసులో 21 నెలలు ఆటకు దూరమైంది. ఆ గడువు 2023 జులైలో తీరింది. 2024లో తాష్కెంట్ ఆసియా పోటీల్లో ముప్ఫయ్యో ఏట వాల్ట్‌లో స్వర్ణం గెలిచింది. అదే ఏడాది అక్టోబరు 7న ఆటకు వీడ్కోలు చెప్పింది. ఇక పిల్లలకు నేర్పాలన్నది ఆమె కోరిక.

మన తెలుగు అమ్మాయి బుద్దా అరుణారెడ్డిదీ ఇదే బాట. హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో సాధన చేసిన అరుణ 2018లో మెల్‌బోర్న్ ప్రపంచ కప్ వాల్ట్‌లో కంచు పతకం గెలిచింది.

మన బళ్లలో ఆటల పీరియడు రాగానే పిల్లలు ఇసుకలో పిల్లిమొగ్గలు వేస్తారు. వారిని కసరనక్కరలేదు. అయితే పక్కన నేర్పేవారు, కింద పరుపు లేకుండా గాలిలో మొగ్గలు వేయనివ్వకూడదు. పాత స్కూటరు సామాన్లతో పరికరం చేసుకున్న అగర్తలాలోనూ దీపకు గురువు లేని రోజు లేదు.