ముసుగువీరుడును వాని గురువును

స్పానిషు భాషలో జొర్రో యనగా నక్క. జాన్‌స్టన్ మెకల్లీ యను అమెరికా రచయిత 1919లో ఈ పేరుగల ముసుగువీరుని సృష్టించెను. మరుసటి యేడే డగ్లస్ ఫేర్‌బ్యాంక్స్ తెరపై ఆ వేషము ధరించెను. తరువాత పెక్కు చిత్రములు వచ్చినవి గాని, 1998లో మార్టిన్ కాంప్‌బెల్ దర్శకత్వమున వెలువడిన ‘ది మాస్క్ ఆఫ్ జొర్రో’ బోధకులకు విశేషముగ చూడదగినది. ఇందు ముసుగు గురువునుండి శిష్యునికి సంక్రమించును.

కథ 1821లో కాలిఫోర్నియాయందు, స్పెయిను పాలన ముగియు దినములలో, ఆరంభమగును. జొర్రోగా తిరుగు డాన్ డియేగో యింటిపై గవర్నరు మోంటేరో దాడి చేయగా భార్య మరణించును. పసికూన ఎలీనాను శత్రువే యెత్తుకొనిపోయి తన కూతురుగ పెంచును. ఇరువదియేండ్ల చెరనుండి తప్పించుకొనిన డియేగోకు, అన్నను పోగొట్టుకొని త్రాగి తిరుగుచున్న అలెహాండ్రో యను దొంగ తారసిల్లును. ఆ యన్నను చంపిన కాప్టెన్ లవ్ కనబడగనే వాడు కత్తి దూయగా, వృద్ధుడు అడ్డుపడి వానిని నిరాయుధుని చేయును. ఆనాడు పోరినయెడల వాడు చచ్చుట నిశ్చయమని గురువెరుగును.

అటుపిమ్మట చదువు. గుహలో నేలపై ఒకదానిలో నొకటిగా వలయములున్నవి. శిష్యుడు పెద్ద వలయమున మొదలిడి, నేర్పు హెచ్చినకొలది చిన్నవానిలోనికి జరుగవలెను. మొదటి దినముననే కడపటి పుట త్రిప్పజూచు మా తరగతి బాలురకు ఈ ఘట్టము చూపవలెనని నాకెంత కోరికయో! కత్తిసాముతోబాటు పెద్దమనిషి నడవడియు మాటతీరును నేర్పును. ఏలన వాడు స్పెయిను ప్రభువువలె మోంటేరో యింట ప్రవేశింపవలసియుండెను. తెర వెనుక నటులకు కత్తిసాము నేర్పిన బాబ్ ఆండర్సన్ 1952 ఒలింపిక్ పోటీలలో బ్రిటను పక్షమున పాల్గొనినవాడు.

చరిత్రపాఠమునకు మాత్రము దీనిని సాక్ష్యముగ గొనరాదు. చిత్రమున 1841లో చచ్చిన అన్న హోవాకీన్ మురియేటా, నిజమునకు 1848 తరువాతి బంగారువేట కాలపు బందిపోటు.

డియేగో నిర్దోషి కాడు. అతడు శిష్యుని తీర్చిదిద్దినది చాలవరకు తన పగకొరకే. మోంటేరో రహస్యముగ బంగారుగని త్రవ్వించుచు, మెక్సికోవారి బంగారముతోనే మెక్సికో అధిపతి సాంతా అన్నానుండి కాలిఫోర్నియాను కొనబూనెను. గుట్టు బయటపడకుండ కూలీలను చంపింపనెంచెను. ఆ వేళ డియేగోకు కూతురు తప్ప మరియొకటి తోచలేదు. ఈ ప్రజల గతి యేమని అడిగినవాడు శిష్యుడు! ఒకనాటి దొంగ నోట ఆ ప్రశ్న విని గురువు మ్రాన్పడెను. నా మట్టుకు, కత్తులపోరు లన్నిటికంటె ఆ ఘట్టమే మిన్న.

తుదకు గనిలో మందుగుండు ప్రేలబోవుచుండగా, అలెహాండ్రోయు ఎలీనాయు బోనుల తలుపులు తెరచి కూలీలను వెలికి తెచ్చిరి.