విద్యుదయస్కాంత క్షేత్రం – వెలుగు తరంగం

సికింద్రాబాదు–కాజీపేట రైలుమార్గంలో ఉన్న స్టేషన్ ఘన్‌పూర్ ప్లాట్‌ఫారం మీద నిలుచున్న ప్రయాణికుని చుట్టూ ఒకే కుటుంబానికి చెందిన మూడు విషయాలుంటాయి. పట్టాలపైన 25,000 వోల్టుల తీగె ఒకటి. చేతిలోని సెల్‌ఫోను అందుకొనే తరంగం రెండవది. ముఖంమీద పడే ఎండ మూడవది. మన జనం మొదటిదానికి భయపడవలసినంత భయపడరు. రెండవదాన్ని గూర్చి వదంతులు విని కలత చెందుతారు. మూడవదాన్ని గూర్చి ఆలోచించనే ఆలోచించరు. వీటి మధ్యగల చుట్టరికం, తేడా తెలిస్తే దేనికి ఎంత జాగ్రత్త అవసరమో దానంతటదే బోధపడుతుంది.

మాటను గూర్చి

ముందుగా ఒక మాట చిక్కు విప్పుకోవాలి. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలో ఉన్నత విద్య గరపడానికి పూనుకొన్నది. దానికి పాఠ్యగ్రంథాలు సమకూర్చేందుకు అంతకు ముందు సంవత్సరమే అనువాద శాఖను నెలకొల్పారు. ఉర్దూలో విద్యుత్తుకు ‘బర్ఖ్’ అనీ, ఫీల్డ్‌కు ‘మైదాన్’ అనీ వాడుక. బర్ఖ్ అంటే అరబ్బీలో మెరుపు. తెలుగు పుస్తకాలు ఫీల్డ్‌ను ‘క్షేత్రం’ అన్నాయి. మైదానమన్నా క్షేత్రమన్నా సామాన్య పాఠకునికి గట్లు పెట్టిన నేలే స్ఫురిస్తుంది. విద్యుత్ క్షేత్రానికి గట్లు లేవు. దూరం పోయేకొద్దీ అది పలచబడుతుంది, అంతే.

క్షేత్రమంటే ఏమిటి?

కాగితం కింద అయస్కాంతం ఉంచి పైన ఇనుపరజను చల్లి తట్టండి. రజను వంపు గీతలుగా సర్దుకొంటుంది. అయస్కాంతం తాకని చోట కూడా దాని ప్రభావం ఏ దిక్కుకు ఉన్నదో ఆ గీతలు చూపుతాయి. ఇలా ఒక్కొక్క బిందువు వద్ద ‘ఇక్కడ వస్తువును ఉంచితే ఎంత బలం, ఏ దిక్కున పనిచేస్తుంది’ అని చెప్పగలిగే స్థితినే క్షేత్రం అంటాము. ఈ భావనను శాస్త్రంలో నాటినవాడు మైకేల్ ఫారడే. మారే అయస్కాంత క్షేత్రం విద్యుత్తును పుట్టిస్తుందని ఆయన 1831లో రుజువు చేశాడు.

రైలు తీగె చుట్టూ ఉన్నది ఇటువంటి క్షేత్రమే. మామూలుగా గాలి విద్యుత్తును పోనివ్వదు. అయితే పొడిగాలిలో సెంటీమీటరుకు సుమారు 30,000 వోల్టులు చేరితే ఆ గాలే దారి ఇస్తుంది. మొనదేలిన చువ్వ, తడిసిన గాలిపటం దారం, చాచిన చేయి క్షేత్రాన్ని ఒకచోట దట్టం చేస్తాయి. అప్పుడు ఇంకా ఎక్కువ దూరం నుండే మెరుపు దూకవచ్చు. కనుక ‘తీగెను తాకలేదు గదా’ అన్న ధీమా పనికిరాదు. నిలిచి ఉన్న గూడ్సు డబ్బాపైకి ఫొటోకోసం ఎక్కిన పిల్లవాడు తీగెను తాకకుండానే ప్రాణం పోగొట్టుకోగలడు. రెండు మీటర్ల లోపుకు పోరాదన్న రైల్వే హెచ్చరిక ఇందుకే.

క్షేత్రం తరంగమెప్పుడవుతుంది?

1865లో ప్రచురించిన వ్యాసంలో జేమ్స్ క్లార్క్ మాక్స్‌వెల్ ఒక గొప్ప సంగతి చూపాడు. మారే విద్యుత్ క్షేత్రం అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. అది మారుతూ మళ్లీ విద్యుత్ క్షేత్రాన్ని పుట్టిస్తుంది. ఇలా ఒకదాని నుండి ఒకటి పుడుతూ, పుట్టిన చోటు విడిచి సాగిపోయేదే విద్యుదయస్కాంత తరంగం. దాని వేగం ఎంతని లెక్కకట్టగా సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లని తేలింది. అది వెలుగు వేగమే! కనుక వెలుగు కూడా ఇటువంటి తరంగమే అయి ఉండాలని ఆయన నిర్ణయించాడు. 1887–88లో హైన్‌రిఖ్ హెర్ట్‌జ్ నిప్పురవ్వలతో కంటికి కనిపించని తరంగాలు పుట్టించి, వాటిని లోహపు రేకుతో వెనక్కు మళ్లించి, తారు వంటి పదార్థంతో చేసిన పెద్ద పట్టకంతో వంచి చూపాడు. వెలుగు అద్దంలోనూ గాజులోనూ ఎలా ప్రవర్తిస్తుందో అవీ అలాగే ప్రవర్తించాయి.

వేగాన్ని సెకనుకు జరిగే కంపనాల సంఖ్యతో భాగిస్తే అలపొడవు వస్తుంది. రైలు తీగెలో 50 కంపనాలు. అలపొడవు 6,000 కిలోమీటర్లు. ఇంత పొడవైన అలకు తీగె పరిసరాలు ఏపాటివి? అందుచేత ఆ క్షేత్రం దాదాపుగా తీగెనే అంటిపెట్టుకొని ఉంటుంది. హైదరాబాదు ఆకాశవాణి దశాబ్దాలపాటు ప్రసారం చేసిన 738 కిలోహెర్ట్‌జ్ అల పొడవు సుమారు 406 మీటర్లు. సెకనుకు 90 కోట్ల కంపనాల సెల్‌ఫోను అల 33 సెంటీమీటర్లు. ఆకుపచ్చ వెలుగులో సెకనుకు సుమారు 545 లక్షల కోట్ల కంపనాలు. అల మిల్లీమీటరులో దాదాపు 1,800వ వంతు. జాతి ఒకటే, కొలత వేరు.

పూర్వుల వాటా

వెలుగు శాస్త్రం ముచ్చట వచ్చినప్పుడు ఇబ్నుల్ హైసమ్‌ను స్మరించకుండా ఉండలేము. బస్రాలో పుట్టి కైరోలో స్థిరపడిన ఈ పండితుడు 11వ శతాబ్దంలో ‘కితాబుల్ మనాజిర్’ను ఏడు భాగాలుగా రచించాడు. కంటినుండి కిరణాలు వెలువడి వస్తువును తాకుతాయన్న యూక్లిడ్, టాలమీల మతాన్ని ఖండించి, వస్తువునుండి వచ్చిన వెలుగు కంటిలో ప్రవేశించడం వల్లనే చూపు కలుగుతుందని ప్రయోగాలతో నిరూపించాడు. ఆయన గ్రంథానికి వ్యాఖ్య రాసిన కమాలుద్దీన్ ఫారసీ 14వ శతాబ్ది ఆరంభంలో నీరు నింపిన గాజుగోళంతో ఇంద్రధనుస్సు గుట్టు విప్పాడు. వెలుగు నీటిబిందువులో ప్రవేశిస్తూ ఒకసారి వంగుతుంది, లోపల వెనక్కు మళ్లుతుంది, బయటికి వస్తూ మళ్లీ వంగుతుంది.

అభిమానంకొద్దీ కొందరు తరంగ సిద్ధాంతాన్ని సైతం వీరికి అంటగడతారు. అది తగదు. వెలుగు అల అన్నమాట ఇబ్నుల్ హైసమ్ చెప్పలేదు, విద్యుత్తుతో దానికిగల సంబంధం ఆయన కాలానికి తెలియదు. పూర్వుల మాటనైనా పరీక్షించకుండా ఒప్పుకోరాదన్నదే ఆయన పద్ధతి. ఆయనకు లేనిది కట్టబెట్టడం ఆ పద్ధతికే విరుద్ధం. ఉన్న గౌరవం ఆయనకు చాలు.

దేనికి భయపడాలి?

1905లో ఐన్‌స్టీన్ మరొక సంగతి చెప్పాడు. వెలుగు శక్తి చిన్న చిన్న పొట్లాలుగా అందుతుంది. కంపనాలు ఎక్కువైనకొద్దీ పొట్లం బలం పెరుగుతుంది. సెల్‌ఫోను పొట్లం ఆకుపచ్చ వెలుగు పొట్లంలో 6 లక్షల వంతు మాత్రమే. అది అణువుల బంధాలను తెంచలేదు. బలంగా తగిలితే వేడి పుట్టించగలదు. టవర్లకు పరిమితులు విధించింది ప్రధానంగా అందుకే. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సరు పరిశోధన విభాగం ఈ తరంగాలను 2011లో ‘కేన్సరు కారకం కావచ్చు’ అన్న వర్గంలో చేర్చింది. దీనికి అర్థం నిదర్శనాలు పరిమితమనే గాని, హాని రుజువైందని కాదు. ఫోనును చెవికి కొంచెం దూరంగా ఉంచుకొంటే సరిపోతుంది. మనం లెక్కచేయని ఎండలోని అతినీలలోహిత కిరణాలకు మాత్రం చర్మకణాల అణువులను చెరిపే శక్తి ఉన్నది. ఎక్స్‌రేలకు అంతకంటె ఎక్కువ.

కనుక ‘రేడియేషన్’ అన్న ఒక్క పేరు విని బెదరడమూ, కంటికి కనిపించదు గదా అని తెగించడమూ రెండూ అజ్ఞానమే. ఎన్ని వోల్టులు, ఎంత దూరం, ఎంత పొడవు అల, ఎంత బలం అని అడగడం నేర్చుకోవాలి. పిల్లలకు ఈ ప్రశ్నలు నేర్పితే తీగె దగ్గర వారి ప్రాణం నిలుస్తుంది, టవరు దగ్గర మనశ్శాంతి నిలుస్తుంది.