తోడివారి మాటలే తొలిపాఠములు

చెట్టునీడను నలుగురు చెలికాండ్రతో గూడి గడగడ మాటలాడు బాలుడు, తరగతిలో బల్లయొద్ద నిలువబడగానే మూగవోవుట తరచుగా కనబడు విషయమే. నాలుక తడియారును. మోకాళ్లు వణకును. రాత్రియంతయు వల్లించిన వాక్యములలో మొదటిది కూడ జ్ఞప్తికి రాదు. ఇది తెలివితక్కువతనము కాదు, పిరికితనమును కాదు. అలవాటు లేకపోవుటయే దీనికి కారణము. నీటిలో దిగనివానికి ఈత రానట్లే, సభలో నిలువనివానికి ఉపన్యాసము రాదు. అయితే ఈతకును ఉపన్యాసమునకును ఒక భేదము కలదు. గట్టున కూర్చుండి ఇతరులు ఈదుచుండగా చూచినంత మాత్రమున ఎవనికిని ఈత రాదు. తోడివారి ఉపన్యాసములను శ్రద్ధతో వినినచో మాత్రము ఆ కళలో సగము పాఠము అబ్బును.

ఈ విషయమును సుమారు 1,900 సంవత్సరములకు పూర్వమే రోము నగరమున క్వింటిలియన్ అను గురువు గ్రహించెను. ఆయన స్పెయిను దేశమున జన్మించి, రోములో చాలకాలము వక్తృత్వ విద్యను బోధించి, తన యనుభవసారమును పండ్రెండు భాగముల గ్రంథముగా రచించెను. బాలునకు ఇంటియొద్దనే గురువును నియమించి చదువు చెప్పించుట మేలా, పాఠశాలకు పంపుట మేలా అను ప్రశ్నను ఆయన గ్రంథారంభముననే చర్చించి, పాఠశాల పక్షమునే వహించెను. ఇంటియొద్ద చదువువాడు తనకు చెప్పిన పాఠమునే నేర్చును. పాఠశాలలో చదువువాడు ఇతరులకు చెప్పిన దానిని కూడ నేర్చును. ఒకని తప్పును గురువు దిద్దుచుండగా విన్న తక్కినవారందరును ఆ తప్పునుండి తప్పించుకొందురు. పదిమందిలో మెలగవలసినవాడు పసితనము నుండియే పదిమందిని చూచి జంకకుండ అలవాటు పడవలెనని కూడ ఆయన అభిప్రాయము.

ఆయన చెప్పిన మరియొక కారణము మిక్కిలి గమనింపదగినది. క్రొత్తగా నేర్చుకొనువానికి గురువును అనుకరించుట కష్టము. సహపాఠిని అనుకరించుట సులభము. చెట్టునకు ప్రాకు ద్రాక్షతీగ ముందుగా క్రిందికొమ్మలను పట్టుకొని, తరువాతనే పైకొమ్మలను అందుకొనును గదా! మహావక్తల ప్రసంగము విన్నవాడు ఆశ్చర్యపడును. కాని అది ఎట్లు సాధ్యమయ్యెనో ఎరుగడు. అతుకు కనబడకుండుటయే వారి నేర్పు. తోడి విద్యార్థి మాటలాడునపుడు అతుకులన్నియు కనబడును. ఎచ్చట తడబడెనో, ఎచ్చట శ్రోతల మనస్సు నాకర్షించెనో పసిగట్టుట సులభము.

ఎనిమిదవ తరగతిలో ‘మా ఊరి చెరువు’ అను విషయముపై ముగ్గురు విద్యార్థులు మాటలాడుచున్నారని ఊహింపవచ్చును. మొదటివాడు కాగితము చేతబట్టి వచ్చును. అతడు విషయమును చక్కగా సేకరించినాడు. కాని కాగితమునుండి తల యెత్తడు. వాక్యమునకును వాక్యమునకును నడుమ ఆగడు. పల్లమునకు దిగు బండివలె చివరివరకు పరుగెత్తును. రెండు నిమిషములలోనే వెనుక వరుసవారు కిటికీవైపు చూడసాగుదురు.

రెండవవాడు ధైర్యశాలి. కాగితము లేదు, జంకు లేదు. చెరువే మన తల్లి యనియు, చెరువే మన ప్రాణమనియు ఎలుగెత్తి పలుకును. చేతులు విసరును, బల్ల చరచును. తరగతి యంతయు చప్పట్లు కొట్టును. కాని మరునాడు అతడేమి చెప్పెనని అడిగినచో ఒక్కరును చెప్పజాలరు.

మూడవది ఒక బాలిక. ఆమె గొంతు మొదట వణకును. ఒక్క క్షణమాగి, ఎదుటివారి ముఖములను చూచి, “మొన్నటి వానలకు చెరువు నిండినది. అయినను తూముక్రింది పొలములకు నీరు చాలలేదు. ఎందుచేత?” అని ఆరంభించును. ఒండ్రు పేరుకొని చెరువు లోతు తగ్గుట, తూమునకు చెత్త అడ్డుపడుట, కట్ట బలహీనమై నీరు ఊటగా పోవుట అను మూడు కారణములను వ్రేళ్లపై లెక్కించినట్లు ఒకదాని వెంట నొకటి చెప్పును. వేసవిలో పూడిక తీసినచో చెరువున నీరు ఎక్కువగా నిలుచుననియు, ఆ ఒండ్రు చేలకు సత్తువ నిచ్చుననియు చెప్పి ముగించి, తన చోట కూర్చుండును. చప్పట్లు రెండవవానికే ఎక్కువగా వచ్చియుండవచ్చును. మరునాటికి తరగతిలో నిలిచియుండునవి మాత్రము ఈమె చెప్పిన మూడు కారణములే.

శ్రద్ధతో విన్నవారికి ఈ మూడు ప్రసంగములలోనే వక్తృత్వమునకు మూలమైన సూత్రములు దొరకును. మొదటివానివలన, చూచి చదువుట మాటలాడుట కాదని తెలియును. కాగితముపై నాలుగు ముఖ్యాంశములు మాత్రమే వ్రాసికొని, కన్నులను శ్రోతలపై నిలుపవలెను. రెండవవానివలన, కేక వేరు, స్పష్టత వేరని తెలియును. కట్టకడపటి బల్లపై నున్నవానికి ప్రతి మాటయు వినబడినచో ఆ గొంతు చాలును. బాలికవలన నాలుగు సంగతులు తెలియును. తాను కన్నులార చూచిన విషయమును ఎన్నుకొనవలెను. శ్రోతల మనస్సున ఒక ప్రశ్నను రేకెత్తించి ప్రారంభింపవలెను. చెప్పదలచిన దానిని క్రమముగా అమర్చుకొనవలెను. చెప్పవలసినది ముగియగానే ఆగవలెను. తడబడినపుడు కంగారుపడక ఒక్కసారి ఊపిరి పీల్చుకొని ఆగుట తప్పు కాదనుట ఆమె నేర్పిన ఐదవ పాఠము.

ఆగుట తెలిసిన ప్రసంగమునకు చరిత్రలో గొప్ప నిదర్శనము కలదు. 1863 నవంబరు 19న అమెరికాలోని గెట్టిస్‌బర్గులో, యుద్ధమున మరణించిన సైనికుల శ్మశానవాటికను అంకితము చేయు సభ జరిగెను. నాటి ప్రసిద్ధ వక్త ఎడ్వర్డు ఎవరెట్టు రెండు గంటలసేపు ప్రసంగించెను. పిదప అధ్యక్షుడు అబ్రహాము లింకను సుమారు రెండు నిమిషములు మాత్రమే మాటలాడెను. లోకము నేటికిని స్మరించునది ఆ రెండు నిమిషముల ప్రసంగమునే.

వినుట యెంత ముఖ్యమో, విన్నదానిని గూర్చి చెప్పు విధమును అంత ముఖ్యము. “బాగున్నది” అనుటవలన వక్తకు లాభము లేదు. “బాగులేదు” అనుటవలన నష్టమే కలుగును. “రెండవ కారణము చెప్పుటకు ముందు ఆగుటచే ఆ మాట మనస్సున నాటినది, చివరి వాక్యము వినబడలేదు” అని చెప్పుట ఉపకారము. ఒక గుణమును, ఒక లోపమును, ఆ లోపమును దిద్దుకొను ఉపాయమును చెప్పిన చాలును. శ్రీకాకుళపు బాలుని పలుకునో, కరీంనగరపు బాలిక పలుకునో, రాయలసీమవాని పలుకునో చూచి నవ్వుట విమర్శ కాదు. అది ఇంటివారు నేర్పిన మాట. ఒక్క పరిహాసము ఒక గొంతును ఏండ్ల తరబడి మూయించివేయగలదు. అట్లే తోడివాని గొంతును, చేతుల ఆడింపును యథాతథముగా అనుకరించుటయు తగదు. గ్రహింపవలసినది గుణమును, వేషమును కాదు.

సమానుల కూటమివలన ఎంత మేలు కలుగునో బెంజమిన్ ఫ్రాంక్లిను జీవితము తెలుపుచున్నది. 1727లో, ఇరువదియొక్క యేండ్ల వయస్సున, ఆయన ఫిలడెల్ఫియా నగరమున ‘జుంటో’ అను చిన్న సంఘమును స్థాపించెను. అందు ముద్రణాలయపు పనివారు, అద్దములు బిగించువాడు, చెప్పులు కుట్టువాడు, వడ్రంగి సభ్యులుగా ఉండిరి. ప్రతి శుక్రవారము సాయంకాలము వారు సమావేశమగుచుండిరి. ప్రతి సభ్యుడును వంతుప్రకారము చర్చకు ప్రశ్నలు తేవలెను. మూడు నెలల కొకసారి తాను వ్రాసిన వ్యాసమును చదువవలెను. తన మాటయే నిజమని పట్టుబట్టినవారికిని, ఇతరుల మాటను మొగముమీద ఖండించినవారికిని స్వల్పమైన జరిమానా విధింపబడుచుండెను. పెద్ద పండితుడెవడును వారికి బోధింపలేదు. ఒకరి కొకరే గురువులైరి.

జంకుగల విద్యార్థులు గాంధీమహాత్ముని చరిత్రను తలచుకొనవలెను. లండనులో న్యాయశాస్త్రము చదువు దినములలో ఆయన శాకాహార సంఘసభలలో లేచి మాటలాడలేకపోయెను. వ్రాసి తెచ్చిన ప్రసంగమును సైతము మరియొకరు చదివిపెట్టవలసి వచ్చెను. స్వదేశమునకు వచ్చిన పిదప బొంబాయి న్యాయస్థానమున ఒక చిన్న వ్యాజ్యములో లేచి నిలిచి, నోట మాట రాక, పుచ్చుకొన్న ఫీజును తిరిగి ఇచ్చివేసెను. అట్టి గాంధీ 1893లో దక్షిణాఫ్రికాలోని ప్రిటోరియాలో భారతీయ వర్తకుల సభయందు, వ్యాపారములో సత్యమును పాటించుటను గూర్చి ప్రసంగించెను. తన జీవితములో అదియే మొదటి బహిరంగోపన్యాసమని ఆయన వ్రాసికొనెను. విషయమును చక్కగా ఆలోచించుకొని ఆయన ఆ సభకు వెళ్లెను. చెప్పితీరవలసిన మాట యొకటి మనస్సున నున్నపుడు జంకు దారి విడుచును. తన బిడియము తనకు మితభాషణమును నేర్పినదని కూడ ఆయన తరువాతికాలమున భావించెను.

ఈ విద్య బహుమానముల కొరకును, చప్పట్ల కొరకును మాత్రమే కాదు. మన రాజ్యాంగము ప్రకారము గ్రామపు ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతివారును గ్రామసభలో సభ్యులే. చెరువు పూడికయు, వీధి దీపమును, బడి గదియు అచట చర్చకు వచ్చును. విషయ మెరిగినవారు తలవంచుకొని కూర్చున్నచో, బల్ల చరచువాని మాటయే చెల్లును. తూముక్రింది రైతు కష్టము తూముక్రింది రైతే చెప్పవలెను. లేదా ఆతని బిడ్డ చెప్పవలెను.

ఆ బిడ్డ నేడు తరగతిలో కూర్చుండి, బల్లయొద్ద నిలిచిన తోడివాని మాటలను వినుచుండును. వాడు తడబడినపుడు నవ్వక, చక్కగా పలికినపుడు గుర్తుంచుకొని, తన వంతు వచ్చినపుడు వెనుదీయక లేచి నిలిచిన చాలును. నాలుగు మాటలు స్పష్టముగా చెప్పగలవానికి ఐదవ మాట తానై వచ్చును.