యోగాభ్యాసమునకు గురువేల?

క్రిందటి జూన్ 21వ తేదీ యుదయమున మన పాఠశాల మైదానమునందు విద్యార్థులందఱు వరుసలుగా నిలిచి ఆసనములు వేసిరి. మఱునాడు ఎనిమిదవ తరగతి బాలుడొకడు మా యొద్దకు వచ్చి, "అయ్యా, ఇంటివద్ద ఫోనులో చూచుచు శీర్షాసనము వేయవచ్చునా?" యని యడిగెను. ఆ సాయంకాలమే వాని తండ్రియు నట్టి ప్రశ్నయే వేసెను. ఆయన చింత మాత్రము వేఱు. శిక్షకునికి నెలనెల జీతమీయవలయునా, లేక ఆ ధనము మిగుల్చుకొనవచ్చునా యని యాయన సందేహము. దారిలో నిలువబడి మేము చెప్పిన సమాధానము మాకే తృప్తి నీయలేదు. కావున నిచ్చట కొంత వివరముగా వ్రాయుచున్నాము.

ముందుగా మా తప్పిదమును చెప్పుకొందుము. కళాశాలలో చదువుచుండిన దినములలో మేమొక బొమ్మల పుస్తకమును ఎదుట పెట్టుకొని శీర్షాసనము నేర్చికొంటిమి. మూడు వారములలో గోడ యాధారము లేకయే నిలువగలిగితిమి. మా గర్వమునకు మేర లేకుండెను. నాలుగవ మాసమున మెడనొప్పి యారంభమై, వ్రాయుటకు తల వంచుటయే దుర్భరమయ్యెను. వ్యాయామోపాధ్యాయుడుగా నుండి విరమించిన వృద్ధుడొకడు మా సంగతి విని, తన యెదుట నొకమాఱు వేయుమనెను. వేసితిమి. ఆయన ప్రక్కన కూర్చుండి మా మోచేతుల క్రిందికి తన వ్రేళ్లు జొనిపెను. అవి సులువుగా దూరిపోయినవి. "బరువంతయు నడినెత్తిమీద పెట్టితివి, నాయనా! చేతులు ఊరక నేలమీద పడియున్నవి" యని నవ్వెను.

పుస్తకములోని బొమ్మకును మా భంగిమకును పైకి భేదమేమియు లేదు. చూపరులు మెచ్చుకొనుచుండిరి కూడ. భేదమంతయు కంటికి కానరాని చోట నుండెను. బొమ్మ దేహముయొక్క ఆకారమును చూపును. బరువు ఎచ్చట పడుచున్నదో, ఊపిరి సాగుచున్నదో బిగబట్టబడినదో, ఏ కండరము వృథాగా శ్రమించుచున్నదో చూపజాలదు. మెడలోని 7 ఎముకలు తలను మోయుటకై యమరినవి గాని కాళ్లను, మొండెమును మోయుటకై కాదు.

మఱియొక చిక్కు కలదు. మన దేహము మనకే అబద్ధము చెప్పును. ఏండ్లతరబడి ఒక భుజము వంచి పుస్తకముల సంచి మోసిన బాలునికి ఆ వంపే తిన్నగా తోచును, ఎవరైన సరిదిద్దినచో, "నన్ను వంకరగా నిలిపితిరే!" యనును. అద్దము కొంత సాయపడును గాని తలక్రిందులుగా నున్నవానికి అద్దమేమి చేయును? ఫోనులోని బొమ్మను చూచుటకై ఆసనము నడుమ మెడ త్రిప్పువాని సంగతి చెప్పనే యక్కఱలేదు.

ప్రాచీన గ్రంథములు ఈ విషయమున ఏమనుచున్నవో చూతము. పతంజలి తన యోగసూత్రములలో ఆసనమునకు మూడు సూత్రములనే కేటాయించెను. సుమారు 15వ శతాబ్దమున స్వాత్మారాముడు రచించిన హఠయోగప్రదీపికలో వర్ణింపబడిన ఆసనములు 15 మాత్రమే. ఒక్కొక్కదానికి సాధారణముగా ఒకటి రెండు శ్లోకములు. అంత క్లుప్తముగా నున్న వర్ణనను చదివి క్రొత్తవాడు ఆసనము వేయజాలడు. గురువునొద్ద చూచినవానికి జ్ఞాపకముంచుకొనుటకు మాత్రము అది చాలును. ఇంకొక విశేషము: అభ్యాసము ఏకాంతమైన చిన్న కుటీరమునందు సాగవలెనని యా గ్రంథమే చెప్పును, గురువు ఉపదేశించిన మార్గముననే సాగవలెననియు చెప్పును. మనము ఒకదానికొకటి విరోధమని తలచిన రెండును అచ్చట ఒక్క సాధకుని దినచర్యలోనే యిమిడియున్నవి. ప్రాణాయామము తప్పుగా చేసినచో ఎక్కిళ్లు, ఉబ్బసము, దగ్గు, తలనొప్పి మున్నగునవి కలుగునని హెచ్చరికయు కలదు.

"అయ్యంగారు ఒంటరిగా నేర్చికొనలేదా?" యని కొందఱు వాదింతురు. ఇది విచారింపదగిన మాట. బి.కె.ఎస్. అయ్యంగారు 1934లో మైసూరు చేరి, జగన్మోహన ప్రాసాదమునందలి యోగశాలలో తన బావగారగు కృష్ణమాచార్యులవారి శిష్యుడయ్యెను. 1937లో, 18 ఏండ్ల ప్రాయముననే, బోధించుటకై పూనాకు పంపబడెను. గురువు దూరమున నుండెను, పాఠము నిండలేదు. అందుచే దినమునకు పెక్కు గంటలు తనంతట తానే ప్రయత్నించి, తప్పి, మరల ప్రయత్నించుచు నేర్చికొనెను. 1966లో వెలువడిన "లైట్ ఆన్ యోగా" యను ఆయన గ్రంథమున 200 ఆసనములు, సుమారు 600 ఛాయాచిత్రములు కలవు. అయినను ఆయన పూర్తిగా ఒంటరి యని మేమనజాలము. ఎదుట దినదినము శిష్యుల దేహములుండెను. ఇతరుల తప్పులను చూచుటచే తన తప్పులను గుర్తించు కన్ను ఏర్పడెను. ఇంట కూర్చున్న మనకు ఆ సదుపాయము లేదు.

ఆయన జీవితమే మఱియొక సంగతిని తెలుపును. గురువు ఆజ్ఞపై, తగిన అభ్యాసము లేకయే హనుమానాసనము వేసి, తొడ వెనుకటి కండరములు చినిగి చాలకాలము బాధపడితినని ఆయనయే చెప్పుకొనెను. కనుక గురువను పేరొక్కటియే చాలదు. మొదటి దినమున మీ వ్యాధులను, పాత దెబ్బలను అడుగనివానిని మేము గురువనము. శీర్షాసనమున కంటిలోని ఒత్తిడి సుమారు రెట్టింపగునని పరీక్షలలో తేలినది. నీటికాసుల రోగము గలవానిని అడుగక తలక్రిందులు చేయువాడు ఎంత ప్రమాదకారియో యోచింపుడు. మఱియు గుంపులో నుండుట గురుసన్నిధి కాదు. 2025 జూన్ 21న విశాఖపట్టణ సముద్రతీరమున లక్షలాది జనులు ఒక్కమాఱుగా ఆసనములు వేసిరి. అది కన్నులపండువే, కాని వేదికపైనున్నవానికి ఎవని మోచేయి కనబడును?

తండ్రిగారికి మా సమాధానమిది. ఏండ్లతరబడి జీతమీయ నక్కఱలేదు. రెండు మూడు నెలలు శ్రద్ధగా చూచువాని యొద్దకు పంపుడు. పిమ్మట ఇంటనే ప్రతిదినము చేయనిండు. అప్పుడప్పుడు మరల చూపింపుడు. తాడాసనము, వజ్రాసనము, శవాసనము వంటివి ఆరోగ్యవంతుడగు బాలుడు ఇప్పుడే ఒంటరిగా చేసికొనవచ్చును, మోకాళ్లు నొప్పిపెట్టినచో వజ్రాసనము మానవలెను. శీర్షాసనము, సర్వాంగాసనము, హలాసనము, ఊపిరి బిగబట్టు కుంభకము మాత్రము చూచువాడు లేనిదే వలదు.

బాలుడు శనివారములందు సాయంకాలము వసారాకు వచ్చుచున్నాడు. కాళ్లింకను నేలమీదనే యుంచి, తలను, చేతులను అమర్చుటయే నేర్చుచున్నాడు. ఇది వానికి మిక్కిలి విసుగు. మేము ప్రక్కన కూర్చుండి వాని మోచేతుల క్రిందికి వ్రేళ్లు జొనిపి చూచుచున్నాము. ఇంకను దూరుచునే యున్నవి.