వెండిమట్టి ఉంగరము

సూళ్లూరుపేటలో కంసాలి ఉంగరము చేయవలెనన్నచో వెండిని మూసలో కరగించి, తీగ సాగదీసి, వంచి అతుకును. వెండి 961 డిగ్రీల సెంటిగ్రేడు వద్దగాని కరగదు. కొలిమి లేని యింట ఆ పని సాగునా?

జపానులో మిత్సుబిషి మెటీరియల్స్ సంస్థవారు 1990 ప్రాంతమున రూపొందించిన వెండిమట్టి ఆ చిక్కును తప్పించినది. పేరునకు మట్టియేగాని అందు మన్ను రవ్వంతయు లేదు. మెత్తని శుద్ధరజత చూర్ణము, నీరు, కాలిపోవు బంక, ఇంతియే.

దీనిని పూరీపిండివలె ఒత్తి, పట్టీగా కోసి, కాగితము చుట్టిన గుండ్రని కర్రపై చుట్టి, చివరలను తడిపి కలుపవలెను. పులికాటు మీది తేమగాలి వీచు కార్తీకమున ఆరుట జాగగును, తొందర పనికిరాదు. తడి మిగిలినచో కాల్చునపుడు ఆవిరి పొంగి ఉంగరము పగులును. ఆరినపిదప ఆకురాయితో నునుపుచేసి కాల్చుదురు. కొన్ని రకములకు 650 డిగ్రీల వేడిమిలో అరగంట చాలును. బంక కాలిపోవును, రేణువులు కరగకయే ఒండొంటిని అంటుకొని లోహమగును. బయటికి తీసిన ఉంగరము సున్నము పూసినట్లుండును. పాడైనదని పారవేయరాదు, ఇత్తడితీగల కుంచెతో రుద్దగా మెరుపు బయటపడును.

అసలు కష్టము కొలతలో కలదు. రేణువుల నడుమ సందులు మూసుకొనుటచే ఉంగరము కుంచించుకొనును. తొలిరకపు మట్టి నూటికి 30 వంతుల వరకు తగ్గెడిది. తరువాతివానిలో పెక్కు సుమారు 10 వంతులు తగ్గును. ఇటుకలు కోయువారు అచ్చును ఇటుకకన్న పెద్దదిగ చేయుట ఇందుకే గదా! వ్రేలికి సరిగా చుట్టిన ఉంగరము కాల్చినపిదప కణుపు దాటదు. లోపల సన్నని రంధ్రములు మిగులుటచే కంసాలి చేసినదానివలె కొట్టి సాగదీయుటయు ప్రమాదమే. మెట్టెకు నోరు తెరచియుండును గనుక కొలత కొంత తప్పినను సవరించుకొనవచ్చును. క్రొత్తగా నేర్చువారు దానితో మొదలిడుట మేలు.